సీరియల్ రాసిన చెయ్యి కథకి పనికిరాదా?

ప్రశ్న: పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో టీవీ సీరియల్స్‌కి మాటలు రాస్తున్నాను. ఇప్పుడు రెండు డైలీ సీరియల్స్ చేతిలో ఉన్నాయి. ఇటు రాకముందు వారపత్రికల్లో ఏడు కథలు అచ్చయ్యాయి. చాలా ఏళ్ల తర్వాత ఈమధ్య ఒక కథ రాసి పంపితే "సీరియల్ ఎపిసోడ్‌లా ఉంది" అని తిప్పి పంపారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. నా చెయ్యి చెడిపోయిందా? ఒక ప్రైవేటు మీడియా కాలేజీ వాళ్లు స్క్రిప్ట్ రైటింగ్ పాఠాలు చెప్పమంటున్నారు. ఎం.ఏ. తెలుగు చేశాను, నెట్ (కాలేజీలో పాఠాలు చెప్పడానికి అర్హత పరీక్ష) రాయలేదు. సీరియల్స్ పూర్తిగా మానేసి, పాఠాలు చెప్పుకుంటూ కథలు రాసుకోవాలని ఉంది. ఇంటికి నా సంపాదనే ప్రధానం. పాప ఏడో తరగతి. ఆ కథ కూడా జతచేస్తున్నాను, వీలైతే చదవండి. (పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్)

సమాధానం:

ఉత్తరం పక్కన పెట్టి ముందు మీ కథే చదివానమ్మా. మర్నాడు పొద్దున మళ్లీ చదివాను.

తెనాలి బస్టాండు పక్కన ఇడ్లీ బండి నడిపే మేనత్త కథ. మొత్తం పద్నాలుగు పేజీలు. తొమ్మిదో పేజీలో రాత్రి బండి కట్టేశాక ఆమె మేనల్లుడి ఫీజు డబ్బులు దాచే పాత హార్లిక్స్ డబ్బా తీస్తుంది. మూత తియ్యదు. ఎత్తగానే తేలిగ్గా ఉందని చేతికే తెలుస్తుంది. ఒక్క క్షణం అలాగే పట్టుకుని, డబ్బాని ఎక్కడిదక్కడే, బొమ్మ ఉన్న వైపు ముందుకి తిప్పి పెట్టేస్తుంది. తర్వాత రేపటికి మినప్పప్పు నానబోస్తుంది. ఆ పేజీ చదివి నేను కాసేపు కాగితాలు కింద పెట్టేశాను. చేతికి డబ్బా బరువు తెలియడం లాంటిది రాయగలిగిన మనిషి చెయ్యి చెడిపోయిందంటే నేను ఒప్పుకోను.

కానీ పదో పేజీ తిప్పగానే మేనత్త మేనల్లుణ్ని నిలదీస్తుంది. "నిన్ను కన్నకొడుకులా పెంచాను కదరా" అంటుంది. పక్కింటావిడ వస్తుంది. కుర్రాడు ఏడుస్తాడు. పన్నెండో పేజీలో అతని తండ్రి గురించి ఒక రహస్యం బయటపడుతుంది. పద్నాలుగో పేజీలో ఆమె క్షమిస్తుంది. ఆ సంపాదకుడు చూసింది ఈ అయిదు పేజీల్ని. ఆయన మాట కటువుగా ఉన్నా, గుర్తించిన చోటు సరైనదే.

ఈ అయిదు పేజీలు ఎలా వచ్చాయో నాకు తెలుసు, ఎందుకంటే నావీ అలాగే వచ్చేవి. నేను దూరదర్శన్‌కి రాయడం మొదలుపెట్టిన రోజుల్లో సీరియల్ అంటే పదమూడు వారాలు. మొదటి ఎపిసోడ్ రాసేటప్పుడే పదమూడోది ఎక్కడ ఆగాలో తెలిసేది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. ఆ తర్వాత డైలీ సీరియల్స్ వచ్చాయి. అక్కడ ముగింపు రాయడం ఎవరి పనీ కాదు. ముగింపుని ఎంత దూరం నెట్టగలమన్నదే పని. నేను ఒక సీరియల్‌కి నాలుగేళ్లు రాశాను. మొదటి రెండేళ్లు టైటిల్స్‌లో నా పేరు పడలేదు, వేరే వాళ్ల పేరు పడింది. ఆ బాధ అలా ఉంచండి. సీరియల్స్‌లోకి వచ్చిన ఏడో ఏట నేనూ మీలాగే ఒక కథ రాయబోయాను. చివరి పేరా దగ్గరికొచ్చి చూసుకుంటే ఒక పాత్ర గుమ్మంలో నిలబడి ఉంది, మిగతా అందరూ నిర్ఘాంతపోయి చూస్తున్నారు. రోజూ ఎపిసోడ్ చివర రాసే ఫ్రీజే నా కథలోకీ వచ్చేసింది. ఆ రోజు వంటింట్లోకి వెళ్లి చాలాసేపు ఏడ్చాను.

అయితే ఒక సంగతి. సీరియల్‌లో మాటలు అలా ఎందుకు ఉంటాయో తెలిసినవాళ్లెవరూ వాటిని చులకన చెయ్యరు. సీరియల్‌ని చాలామంది చూడరు, వింటారు. పొయ్యి మీద తిరగమోత వేస్తూ, పిల్లలకి హోంవర్క్ చేయిస్తూ, టీవీ వైపు వీపు పెట్టి వింటారు. నిన్నటి ఎపిసోడ్ చూడనివాళ్లు ఉంటారు, యాడ్స్ తర్వాత వచ్చి కూర్చున్నవాళ్లు ఉంటారు. వాళ్లందరికీ కథ అందాలంటే ఏం జరిగిందో పాత్ర నోటితో చెప్పించాలి, ఒకసారి కాదు, మూడుసార్లు. దానికి తోడు తెలుగు రాని హీరోయిన్‌కి అసిస్టెంట్ డైరెక్టర్ పక్కనుంచి ప్రాంప్టింగ్ ఇస్తాడు. అతను ఒక్క గుక్కలో అందించగలిగినంతే వాక్యం ఉండాలి. ఇన్ని షరతుల మధ్య, రేపటి షూటింగ్‌కి ఈ రాత్రే సీన్ పేపర్ ఇస్తూ, గురువారం వచ్చే రేటింగుని బట్టి ట్రాక్ (కథ నడిచే దారి) మారిస్తే దానికీ సర్దుకుంటూ పదకొండేళ్లు నిలబడ్డారు మీరు. అది చిన్న నైపుణ్యం కాదు, దాన్ని తక్కువ చేసుకోకండి.

కథ చదివే మనిషి మాత్రం వీపు తిప్పి కూర్చోడు. రెండు కళ్లూ మీ కాగితానికే ఇచ్చి కూర్చుంటాడు. అతనికి డబ్బా బరువు చెప్పేశాక "డబ్బులు పోయాయి" అని మళ్లీ చెబితే, తన మీద మీకు నమ్మకం లేదని అతనికి అర్థమైపోతుంది. పాత ఇల్లు అమ్మేస్తున్న తల్లి ఉందనుకోండి. సీరియల్‌లో ఆమె "ఈ ఇల్లు మీ నాన్న చెమటోడ్చి కట్టాడ్రా" అనాలి, అనకపోతే వంటింట్లో ఉన్నామెకి అందదు. కథలో అదే తల్లి కొనుక్కున్నవాళ్ల కోడలికి, పెరటి తలుపు గడియ కొంచెం పైకెత్తి లాగితేనే పడుతుందని, బావి దగ్గర కుళాయి ముప్పావు వంతు తిప్పి ఆపెయ్యాలని, పూర్తిగా తిప్పితే మళ్లీ కారుతుందని చూపించి, రెండు కరివేపాకు రెమ్మలు కోసి ఆ అమ్మాయి చేతిలో పెడితే చాలు. రెండు చోట్లా తల్లి దుఃఖం ఒకటే. వినేవాళ్లు వేరు.

టీవీకి రాస్తే సాహిత్యం పోతుందన్నది మన దగ్గర బాగా పాతుకుపోయిన భయం. 1984లో దూరదర్శన్‌లో వచ్చిన 'హమ్ లోగ్' రాసినది మనోహర్ శ్యామ్ జోషి. ఆ తర్వాత 'బునియాద్' రాసిందీ ఆయనే. దేశంలో సోప్ ఒపెరా అన్నదానికి దారి వేసిన మనిషి. ఆ తర్వాత కూడా ఆయన హిందీలో నవలలు రాస్తూనే ఉన్నారు, 2005లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది నవలకే. మన పాలగుమ్మి పద్మరాజు గారిదీ ఇలాంటి దారే. కాకినాడ పి.ఆర్. కాలేజీలో సైన్సు పాఠాలు చెబుతూ కథలు రాశారు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో 1952లో 'గాలివాన'కి రెండో బహుమతి వచ్చింది. తర్వాత మద్రాసు వెళ్లి ఏళ్లకేళ్లు సినిమాలకి మాటలు రాశారు. పాఠం, కథ, తెర, మూడూ ఒకే మనిషివి.

ఇక్కడ నేను చాలా ఏళ్లు గమనించని విషయం ఒకటుంది. సీరియల్స్ మానేసి పాఠాల్లోకి వెళ్లాలా అన్న మీ సందేహానికి జవాబు అందులోనే ఉంది. పద్మరాజు గారు కాలేజీలో చెప్పింది సైన్సు. కాళీపట్నం రామారావు గారు విశాఖపట్నంలో ఒకే హైస్కూల్లో ముప్ఫై ఏళ్లకి పైగా లెక్కలు చెప్పారు. అందుకే మనం ఆయన్ని ఇప్పటికీ కారా మాస్టారు అంటాం. వాళ్లిద్దరూ సాయంత్రం ఇంటికొచ్చేసరికి కథ రాసే బుర్ర తాజాగా ఉండేది, ఎందుకంటే పగలంతా వాడింది వేరే బుర్రని. మీరు చెప్పబోయేది స్క్రిప్ట్ రైటింగ్. పొద్దున సీరియల్‌కి మాటలు, మధ్యాహ్నం పిల్లల మాటలకి దిద్దుబాట్లు, రాత్రి కథలో మాటలు. మూడూ ఒకే బావిలోంచి తోడాలి. సీరియల్ వదిలేసి పాఠాల్లోకి వెళితే కథకి ఖాళీ దొరుకుతుందని మీరు అనుకుంటున్నారు. గంటలు దొరుకుతాయేమో గానీ, ఆ గంటల్లో చెవి అలిసిపోయి ఉంటుంది. ఇది అనుభవించి చెబుతున్నాను.

నేను పాఠాలు మొదలుపెట్టిన ఏడాది వారానికి నాలుగు రోజులు ఒప్పుకున్నాను. నలభై మంది పిల్లలు, నెలకి రెండు అసైన్‌మెంట్లు. అంటే నెలకి ఎనభై స్క్రిప్టులు. ఇంకా పండని వాక్యాలు ఎనభై రకాలుగా చదివాక నా సొంత వాక్యం ఎలా ఉండేదో మర్చిపోయాను. ఇంకో తప్పూ చేశాను. సీరియల్ డెస్క్ మీద అసోసియేట్ రాసిన సీన్‌ని ఎలా తిరగరాసేదాన్నో, పిల్లల సీన్లనీ అలాగే ఎర్ర పెన్నుతో తిరగరాసి ఇచ్చేదాన్ని. ఒకమ్మాయి ఆ కాగితం చూసుకుని మెల్లిగా "మేడం, ఇది ఇప్పుడు మీదే అయిపోయింది కదా" అంది. ఆ తర్వాత నేను పిల్లల కాగితం మీద ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఎక్కడ నాకు నమ్మకం కలగలేదో అక్కడ పక్కన ఒక గీత గీసేదాన్ని. ఎందుకు కలగలేదో వాళ్లే వెతుక్కునేవాళ్లు.

అయినా సరే, ఆ పాఠాలే నన్ను మళ్లీ కథ దగ్గరికి తీసుకొచ్చాయి. ఒకసారి క్లాసులో చెప్పాను: ఆర్టీసీ బస్సులో గానీ, రేషన్ షాపు దగ్గర గానీ విన్న మాటలు పది వాక్యాలు రాసుకురండి, అసలు విషయం మాత్రం ఎవరి నోటా రాకూడదని. నారాయణపేట వైపు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు అన్నదమ్ముల మాటలు రాసుకొచ్చాడు. పది వాక్యాల్లో తొమ్మిది ఎడ్ల మేత గురించే. చివర్లో తమ్ముడు "ఎడ్లను ఎవలు పట్టుకపోతరు?" అంటాడు. "దినాలైనంక సూద్దాం" అంటాడు అన్న. తండ్రి పోయాడన్న మాట ఎక్కడా లేదు. క్లాసంతా నిశ్శబ్దం అయిపోయింది. పద్దెనిమిదేళ్ల పిల్లాడు చేసి చూపించినది నేను పదేళ్లుగా చెయ్యడం లేదని అప్పుడు తెలిసింది. ఆ ఆదివారం కథ రాశాను. అది అచ్చయింది.

కాబట్టి కాలేజీకి సరేనని చెప్పండి, కానీ వారానికి ఒక్క రోజే. ఒక సెమిస్టర్ గెస్ట్ ఫ్యాకల్టీగా చెప్పి చూడండి. జీతం నెలకి ఇస్తారా, గంటల లెక్కనా, సెలవుల్లో ఏమిస్తారు, పేపర్లు దిద్దినందుకు విడిగా ఇస్తారా అన్నవి ముందే కాగితం మీద పెట్టించుకోండి. గెస్ట్ వాళ్లకి వేసవి నెలల్లో ఏమీ రాకపోవడం చాలా చోట్ల ఉన్నదే. నెట్ గురించి కంగారు వద్దు. గెస్ట్‌గా చెప్పడానికి మీ అనుభవం చాలని ఆ కాలేజీయే పిలిచింది కదా. అయితే ముందు ముందు పర్మనెంట్ పోస్టు కావాలనుకుంటే నెట్ గానీ, రాష్ట్రం పెట్టే సెట్ గానీ ఉండాలి. ఎం.ఏ.లో 55 శాతం (రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 50) ఉంటే నెట్ రాయొచ్చు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి వయోపరిమితి లేదు. ఏడాదికి రెండుసార్లు, జూన్‌, డిసెంబర్ విడతలుగా ఉంటుంది. 2022లో యూజీసీ 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అని ఇంకో దారి కూడా తెరిచింది. దానికి నెట్, పీహెచ్‌డీ అడగరు గానీ తమ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం అడుగుతారు. మీకింకా నాలుగేళ్లు తక్కువ. అదీ మూడేళ్లకి మించి ఇవ్వరు, తప్పనిసరైతే ఇంకో ఏడాది. అంటే దాన్ని నమ్ముకుని జీవితం కట్టుకోలేం, కానీ నాలుగేళ్ల తర్వాత గుర్తుపెట్టుకోవలసిన తలుపు.

సీరియల్స్ రెండింటిలో ఒకటి వదిలెయ్యండి. రెండూ వదలొద్దు. ఇంటికి మీ సంపాదనే ప్రధానమని రాశారు, కథలు ఆ ఇంటిని నడపవు. పత్రికలు ఇచ్చే పారితోషికం ఎంతో మీకు తెలుసు. కథ మీద పాప ఫీజు భారం పెట్టారంటే ఆ కథ బెదిరిపోతుంది. ఏది వదలాలంటే, చెక్కు ఆలస్యంగా ఇచ్చేది. మీ ఉత్తరం రెండో పేజీలో ఒక సీరియల్ వాళ్లు ఎపిసోడ్ల డబ్బు నాలుగు నెలలకి ఇస్తున్నారని రాశారు. అదే వదలండి. వదిలే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది కూడబెట్టేదాకా ఆగండి. ఆ ఆగిన నెలల్లో కూడా కథ రాయొచ్చు. అది ఎలాగో చెబుతాను.

దానికంటే ముందు మీరు ఉత్తరంలో పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం నన్ను కలవరపెట్టింది. "ట్రాక్ దొరక్క, నా డైరీలో ఉన్న ఒక కథనే సీరియల్‌లో పెట్టేశాను" అన్నారు. అలా ఎన్ని పెట్టేశారో లెక్క చూసుకోండమ్మా. నేను పెట్టినవి ఆరు. వాటిని మళ్లీ కథలుగా రాయలేకపోయాను, హక్కుల గొడవ ఒకటైతే, అవి నాకే పాతబడిపోవడం రెండోది. హక్కుల సంగతి మీరు తెలుసుకోవాలి. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ కావాలంటే సంతకం చేసిన రాతపూర్వక కాగితం ఉండాలి. ఎంత కాలానికో అందులో రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క. నెలజీతం మీద ఉద్యోగిగా రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కు యజమానిది. ఎపిసోడ్ లెక్కన రాసేవాళ్ల విషయం మాత్రం మనం సంతకం పెట్టిన కాగితంలో ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. మీ అగ్రిమెంట్ తీసి చదవండి, అర్థం కాకపోతే ఒక లాయర్‌కి చూపించండి. "కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, ఆలోచనలు అన్నీ, శాశ్వతంగా" అని ఒక్క లైన్లో రాసేసిన అగ్రిమెంట్లు నేను చూశాను. మీది మాటల వరకే అయితే, ఆ డైరీలో కథలు ఇక మీదట ఎవరికీ చెప్పకండి. స్టోరీ డిస్కషన్‌లో టీ తాగుతూ కూడా చెప్పకండి. ట్రాక్ కావాలంటే ట్రాక్ కోసం వేరే పుట్టించండి, అది మీకు చేతనవును.

ఇక రాయడం సంగతి. పొద్దున లేవగానే వాట్సాప్‌లో సీన్ ఆర్డర్ చూస్తామా లేదా అన్నదాన్ని బట్టే ఆ రోజు కథ ఉంటుందో ఉండదో తేలిపోతుంది. ఒక్కసారి చూశామా, అత్తగారూ కోడలూ బుర్రలోకి వచ్చి మాట్లాడటం మొదలుపెడతారు. ఫోన్ ఇంకో గదిలో పెట్టి పడుకోండి. పాప లేవకముందు నలభై నిమిషాలు చాలు. సీరియల్‌ లాప్‌టాప్ మీదే రాస్తారు కాబట్టి కథ మాత్రం కాగితం మీద రాయండి, కావాలంటే వేరే బల్ల మీద. చేత్తో రాసేటప్పుడు వేగం తగ్గుతుంది. పాత్ర నోరు తెరిచే ముందు ఏం చేస్తోందో కనిపించేంత ఖాళీ దొరుకుతుంది. ఒక నెల రోజులు అసలు డైలాగ్ లేకుండా రాయండి. మీకు డైలాగ్ ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా వస్తుంది, అందుకే కొన్నాళ్లు దాన్ని పక్కన పెట్టాలి. తర్వాత మళ్లీ వస్తుంది, వచ్చినప్పుడు తక్కువగా, బరువుగా వస్తుంది. మీ ఏడు పాత కథల్లో రెండు వెతికి చదివాను. అందులో మనుషులు చాలా తక్కువ మాట్లాడతారు. ఆ అలవాటు మీకు కొత్తగా నేర్పవలసింది కాదు.

ఇంకొక్కటి. రాసిన కథని వెంటనే పంపకండి. సీరియల్‌లో రాత్రి రాసింది మర్నాడు షూట్ అయిపోవాలి, ఆ తొందర మన ఒంట్లోకి వెళ్లిపోతుంది. తిరిగొచ్చిన కథ కింద తేదీలు చూశాను, మూడు రోజుల్లో రాసి నాలుగో రోజు పంపారు. సొరుగులో పెట్టి నెలయ్యాక తీసి ఉంటే, తొమ్మిదో పేజీ తర్వాత ఏం జరిగిందో సంపాదకుడి కంటే ముందు మీకే కనిపించేది.

ఇప్పుడు ఆ కథ. పదో పేజీ నుంచి తీసెయ్యండి. తండ్రి రహస్యం అక్కర్లేదు, పక్కింటావిడ అక్కర్లేదు. మొదటి పేజీలో మేనల్లుడు తెల్లవారుజామున లేచి బండి తోయడానికి వస్తాడని ఒక వాక్యం ఉంది. చాలా మంచి వాక్యం, మీరు దాన్ని మళ్లీ వాడుకోలేదు. డబ్బా తిప్పి పెట్టిన రాత్రి తర్వాతి తెల్లవారుజాము రాయండి. అతను వస్తాడా, రాడా, వస్తే ఎవరు ముందు బండి మీద చెయ్యి వేస్తారు, తెనాలి బస్టాండులో మొదటి బస్సు ఎప్పుడు కదులుతుంది, ఇవి మాత్రం చూడండి. ఒక పేజీకి మించొద్దు. ఎవరూ ఏమీ ఒప్పుకోనక్కర్లేదు. పది పేజీలూ మొదటి నుంచీ చేత్తో తిరగరాసి, నెలాగి, నాకు పంపండి. హార్లిక్స్ డబ్బాని మాత్రం మార్చకండి.